సిగరెట్ మానేసి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి మానడం కుదురుతుందా?

ఏడాదిన్నర మానేసి, స్నేహితుడి పెళ్లిలో ఒకటి కాల్చి, మూడు నెలలు తిరిగేసరికి పాత లెక్కకే వచ్చేశానని రాశారు. ఇంట్లో చెప్పలేకపోతున్నానని, విల్ పవర్ లేదేమోనని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా అని అడిగారు.

కుదురుతుందండీ. మానడం, మళ్లీ అంటించడం నాకూ అయ్యాకే కుదిరింది. విల్ పవర్ మాట మాత్రం పక్కన పెట్టండి. ఏడాదిన్నర ఒక్కటీ ముట్టకుండా ఉన్న మనిషికి విల్ పవర్ లేదంటే నేను ఒప్పుకోను. మీ దగ్గర లేనిదల్లా ఆ పెళ్లి రోజుకి ఏం చేయాలన్న ఆలోచన.

నాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. అక్కడ బేరం టీతో మొదలవుతుంది, టీ వెనకాలే సిగరెట్ వస్తుంది. లారీ ఓనరు పెట్టె తీసి ముందుకు చాపితే వద్దనడానికి మొహమాటం. అలాంటి చోట కూడా నేను బాగానే నిలబడ్డాను. రోజూ ఎదురయ్యేదే కాబట్టి ఏం చెప్పాలో సిద్ధంగా ఉండేది. జారింది షాపులో కాదు. నాన్నకు స్టెంట్ వేసిన రాత్రి, గుంటూరులో ఒక ఆసుపత్రి బయట. అదీ టెన్షన్‌లో కాదు. ఏం ఫర్వాలేదని డాక్టరు చెప్పి వెళ్లాక, మనసు తేలికపడ్డాక, మా చిన్నాన్న కొడుకు కాలుస్తుంటే అడిగి మరీ తీసుకున్నాను. ఇన్నాళ్లు మానినవాణ్ణి, నాకు కంట్రోల్ వచ్చేసింది, ఒక్కటి తాగితే ఏమవుతుంది అనిపించింది. పెళ్లిలో మీకు తోచిందీ ఇలాంటిదే అయ్యుంటుందని నా అనుమానం. సిగరెట్ మీద కోరిక కంటే మన మీద మనకు పెరిగిన ధీమా ఎక్కువ మందిని ముంచుతుందని నేను నమ్ముతాను.

వ్రతం చెడ్డా ఫలితం దక్కాలంటారు. సిగరెట్ దగ్గర మాత్రం మనం తిరగేస్తాం. వ్రతం ఎలాగూ చెడింది కదా అని దక్కిన ఫలితాన్ని కూడా వదిలేసుకుంటాం. అలాన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1980లలోనే దీని గురించి వివరంగా రాశాడు. ఒకసారి జారడం వేరు, పూర్తిగా పాత అలవాటులోకి వెళ్లిపోవడం వేరు. మొదటిదాన్ని రెండోదాని దాకా లాక్కెళ్లేది చాలాసార్లు 'నా వల్ల కాదు, అంతా పోయింది' అనే బాధే అంటాడు.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతాను. పెళ్లిలో కాల్చినదాన్ని వదిలేయండి, రెండోది ఎక్కడ కొన్నారు? మొదటిది ఎవరో ఇచ్చినది. రెండోది మీరు డబ్బులిచ్చి కొన్నది. నా దృష్టిలో అసలు గేటు అక్కడుంది. గుర్తు లేకపోతే ఫోన్‌పేనో గూగుల్‌పేనో తెరిచి పాత చెల్లింపులు చూడండి. ఈ రోజుల్లో బడ్డీ కొట్టు దగ్గర లూజు సిగరెట్‌కు కూడా స్కాన్ చేసే ఇస్తున్నాం కాబట్టి తేదీ, టైము, కొట్టు పేరు అన్నీ అందులో ఉంటాయి. నావి చూసుకుంటే షాపు దగ్గర కొన్నవి చాలా తక్కువ. ఎక్కువ భాగం రాత్రి భోజనం అయ్యాక, మా వీధి చివర కొట్లో. పాల ప్యాకెట్ వంకతో వెళ్లేవాణ్ణి.

ఇంట్లో చెప్పడం గురించి అడిగారు కదా, ఆ పాల ప్యాకెట్ వంకలోనే దానికి సమాధానం ఉంది. దాచడం కోసమే కొన్ని సిగరెట్లు పుడతాయి. బయటికి వెళ్లడానికి ఒక పని కల్పించుకోవాలి, గబగబా కాల్చాలి, లవంగం నమలాలి, ఆ కంగారుకు ఇంకోటి కావాలి. నేను చెప్పినప్పుడు మా ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. "ఎక్కడ కొంటున్నారు?" అని మాత్రం అడిగింది. మర్నాటి నుంచి పాలు పొద్దున్నే ఇంటికి వేసేలా మాట్లాడేసింది. చిన్న విషయమే కానీ, నాకు రాత్రి సిగరెట్ పోవడానికి సగం కారణం అదే.

ఇక మానే పద్ధతి. తగ్గించుకుంటూ రావడం ఒకసారి మాని జారినవాళ్లకు పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. మిగిలిన ఆ రెండు మూడింటి మీదే రోజంతా ధ్యాస ఉంటుంది. పెళ్లిళ్లు, పండగలు దగ్గరలో లేని ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా ఆపేయండి. రెండో రోజు, మూడో రోజు బాగా కష్టం. చిరాకు, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం మూడు నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. కావాలనిపించడం ఒక్కోసారి వచ్చేది కొన్ని నిమిషాలే, ఆ కాసేపు చేతికి పని ఉంటే చాలు.

నికోటిన్ గమ్ వాడండి, అదేదో చేతకానితనం అనుకోవద్దు. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ పడాల్సిన వాళ్లయితే 4 మిల్లీగ్రాములది డాక్టరును అడగండి. చాలామంది దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి, ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి, పనికిరాదని పారేస్తారు. మెల్లగా కొన్నిసార్లు నమిలి, నోట్లో చురచుర అనగానే ఆపి, బుగ్గకీ పంటి చిగుళ్లకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా ఒకటి అరగంట వస్తుంది. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట వరకు వేసుకోవద్దు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. గుండె జబ్బు, అల్సర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చెప్పాలి. గమ్ చాలకపోతే వరెనిక్లిన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలున్నాయి, అవి డాక్టరు రాసిస్తేనే.

టీ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సిగరెట్ పొగలోని కొన్ని రసాయనాల వల్ల లివరు టీలో ఉండే కెఫీన్‌ను మామూలు కంటే త్వరగా కరిగించేస్తుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గిపోతుంది. మనం మాత్రం అలవాటు ప్రకారం అన్నే టీలు తాగుతాం, కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం. ఇదంతా సిగరెట్ లేక వచ్చిందనుకుని మళ్లీ అంటించేస్తారు. మొదటి వారాల్లో టీలు సగానికి తగ్గించి చూడండి. ఆటోనగర్‌లో టీ వద్దనడం సిగరెట్ వద్దనడం కంటే కష్టమైంది నాకు, మజ్జిగ తెప్పించుకునేవాణ్ణి, నవ్వేవాళ్లు.

సిగరెట్ పెట్టె మీద ఆ భయంకరమైన బొమ్మ కింద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది, 2018 నుంచి వేస్తున్నారు. మనం పెట్టె వెయ్యిసార్లు చూసి ఉంటాం, నంబరు చదివి ఉండం. అది ప్రభుత్వ క్విట్‌లైన్, అంటే మానడానికి ఫోన్‌లో సాయం చేసే సర్వీసు, డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. ఉపన్యాసం దంచుతారనుకుని చేశాను. రోజుకు ఎన్ని, ఏ టైములో, ఇంతకుముందు ఎందుకు మళ్లీ మొదలైంది అని అడిగి, తేదీ పెట్టించి, తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కున్నారు. ఈ-సిగరెట్‌తో మానొచ్చని ఎవరైనా చెబితే వినకండి, మన దేశంలో 2019లోనే నిషేధించారు.

నేను ఒంగోలు వైపు పొగాకు రైతు కొడుకుని. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చిన డబ్బులతోనే చదువుకున్నాను, పొగాకును తిట్టడానికి నాకు నోరెక్కడిది అని చాలాకాలం వాదించేవాణ్ణి. మా నాన్న జీవితంలో చుట్ట గానీ సిగరెట్ గానీ ముట్టలేదు. పండించడం వేరురా, పీల్చడం వేరు అనేవాడు. ఇలాంటి సాకులు మీకూ ఒకటో రెండో ఉంటాయి, ముందే తెలిసి ఉంటే మంచిది.

మానాక కొన్నాళ్లు దగ్గు పెరగొచ్చు, మలబద్ధకం రావొచ్చు, ఏడాదిలో నాలుగైదు కిలోలు బరువు పెరగడం మామూలే. నేను పెరిగాను, ఇంకా తగ్గలేదు. మందు అలవాటు ఉంటే మొదటి కొన్ని నెలలు ఆ కూర్చోవడాలు మానుకోండి, గ్లాసు చేతిలో పడ్డాక ఎంత గట్టి నిర్ణయమైనా సడలుతుంది. పెళ్లికి వెళ్లక తప్పకపోతే జేబులో గమ్ స్ట్రిప్ పెట్టుకుని, భోజనం అవగానే బయల్దేరిపోండి. ఒకవేళ అక్కడ ఒకటి కాల్చేసినా, ఆ రాత్రే ఇంట్లో చెప్పేసి, మర్నాడు మాత్రం ఏ కొట్టు దగ్గరా స్కాన్ చేయకండి.