రైస్ మిల్లు కంప్యూటర్ల భద్రత: కొనడానికి ముందు చూసుకోవాల్సినవి

అన్నా, మిర్యాలగూడ దగ్గర మిల్లు, ఆఫీసులో మూడు కంప్యూటర్లు, కాటా దగ్గర ఒకటి, ఐటీ మనిషి లేడు, ఏ యాంటీవైరస్ కొంటే సేఫ్ అని అడిగారు. నల్లగొండ, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు, పత్తి జిన్నింగులకు కంప్యూటర్ పని నేనే చూస్తా కాబట్టి చెప్తున్నా. కొనడం తర్వాత, ముందు ఒక కాగితం తీసుకోండి.

ప్రతి కంప్యూటర్, రూటర్, సీసీ కెమెరా డబ్బా, ఆఫీసు ఫోన్ పేరు రాయండి. పక్కన రెండు సంగతులు: ఇది రేపు పొద్దున పనిచేయకపోతే ఏం ఆగుతుంది, దీని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు. యాసంగి ధాన్యం దిగే రోజుల్లో కాటా సిస్టమ్ ఆగితే గేటు బయట లారీలు నిలబడతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ పోతే సీఎంఆర్ (ప్రభుత్వ ధాన్యం ఆడించి తిరిగి ఇచ్చే బియ్యం) లెక్క, బాకీల లెక్క రెండూ పోతాయి. జాగ్రత్త అక్కడ మొదలవ్వాలి.

పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు అన్న గడిలో నాకు ఎక్కువగా కనిపించేది పాత గుమస్తా. మనిషి మానేసి వెళ్లిపోతాడు, జీఎస్టీ ఓటీపీ మాత్రం ఇంకా ఆయన నంబరుకే పోతుంటుంది. ఆయన మంచోడే కావచ్చు, కానీ ఆ ఫోన్ ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు? మనిషి మానేసిన రోజే నంబరు, పాస్‌వర్డ్ మార్చండి. ఈ-వే బిల్లుకు అందరూ ఒకే లాగిన్ వాడొద్దు, పోర్టల్‌లోనే సబ్ యూజర్లను పెట్టుకోవచ్చు.

ఇక బ్యాకప్. ఒక మిల్లులో రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) పడి ట్యాలీ ఫోల్డర్ మొత్తం లాక్ అయింది. బ్యాకప్ ఉందన్నారు, ఉంది కూడా. కానీ ఆ హార్డ్ డిస్క్ రాత్రింబగళ్లు అదే కంప్యూటర్‌కు తగిలించి ఉండటంతో అదీ లాక్ అయిపోయింది. ఆ వైరస్‌కు డిస్క్ కూడా ఇంకో ఫోల్డరే. చివరికి కాగితం బిల్లులు ముందేసుకుని లెక్కలన్నీ మళ్లీ ఎక్కించారు. ఆ గుమస్తాల అవస్థ చూస్తే కడుపు తరుక్కుపోయింది. అందుకే రెండు డిస్కులు పెట్టుకోండి, ఒకటి ఇంట్లో ఉండాలి, వారం వారం మార్చండి. కాపీ అవగానే వైరు పీకేయాలి. నెలకోసారి ఆ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి బ్యాలెన్స్ సరిపోయిందో లేదో చూడండి. ఇది చేసే మిల్లులు చాలా తక్కువ.

ఆ వైరస్ లోపలికి వచ్చిన దారి రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సౌకర్యం. హైదరాబాద్ నుంచి లెక్కలు చూడటానికని రూటర్‌లో పోర్టు (బయటి నెట్ నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి వదిలేశారు. మీ దగ్గరా అట్లా ఉంటే ఈరోజే మూయించండి.

అప్‌డేట్లు ఆపేయొద్దు. 2017 మేలో వచ్చిన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు ఇచ్చింది, వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఏ సిస్టమ్‌లో ఏముందో ఆ కాగితం మీదే రాసుకోండి.

గోనె సంచుల వ్యాపారి నుంచి "మా బ్యాంకు ఖాతా మారింది" అని వాట్సాప్ వస్తే, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు పంపండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు చేయొద్దు. ఈ ఒక్క నియమం క్యాషియర్ టేబుల్ మీద అంటించండి. ఒకవేళ డబ్బు పోతే పంచాయితీలు పెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే ఆపే వీలుంటుంది. రాన్సమ్‌వేర్ లాంటిది పడితే, 2022లో వచ్చిన ఆదేశాల ప్రకారం గుర్తించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి.

యాంటీవైరస్ మాటకొస్తే, సపోర్ట్ ఉన్న విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ను ఆపకుండా ఉంచితే మీ అంత ఆఫీసుకు చాలనే నా అభిప్రాయం. ఆ డబ్బుతో రెండో డిస్క్ కొనండి. కాటా సిస్టమ్‌లో ఏ విండోస్ ఉందో, దానికి నెట్ నిజంగా అవసరమో కాదో కింద కామెంట్‌లో రాయండి, దాన్ని విడిగా పెట్టడం ఎట్లాగో చెప్తా.