విరిగిన కప్లర్‌ను పారేయకండి, కేసంతా దాని మీదే ఉంది

ప్రశ్న: నల్లగొండలో కార్పెట్లు, సోఫాలు క్లీన్ చేసే పని చేస్తున్నాను. లోన్ తీసుకుని హైదరాబాద్ రాణిగంజ్‌లో ఒక డీలర్ దగ్గర 2.40 లక్షలకు దిగుమతి మెషీన్ కొన్నాను. పనిలో నాకు తోడు మా బావమరిది ఒక్కడే. రెండు నెలలకే వేడినీళ్ల పైపును మెషీన్‌కు కలిపే కప్లర్ దగ్గర కారడం మొదలైంది. ఫొటో పెడితే డీలర్ ‘అదే సైజుది లోకల్‌లో కొని బిగించుకో’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపాడు. ఇక్కడే హార్డ్‌వేర్ షాపులో పావు ఇంచుది కొని వేశాను. పోయిన నెల ఒక ఫంక్షన్ హాల్లో పని చేస్తుంటే అది ఊడిపోయింది. నీళ్లు చిమ్మి సౌండ్ సిస్టమ్ పాడైంది. హాలు ఓనర్ నాకు రావాల్సిన 18 వేలు ఆపి, ఇంకో 70 వేలు అడుగుతున్నారు. డీలరేమో ‘ఫిట్టింగులకు వారంటీ లేదు, నువ్వే మార్చావు’ అంటున్నాడు. వ్యాపారానికి కొన్నది కాబట్టి కన్స్యూమర్ కేసు పడదని కూడా అన్నాడు. నిజమేనా? ఇక ముందు ఈ టెన్షన్ లేకుండా ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఊడిపోయిన ఆ కప్లర్ ఎక్కడుందో వెతికి, కడగకుండా, తుడవకుండా, పాత టేపు కూడా పీకకుండా కవర్లో పెట్టి సీలు వేయండి. అది బిగించిన మెషీన్ వైపు ముక్కను, పాత ఒరిజినల్ కప్లర్‌ను కూడా దాచండి. ‘చూసి ఇస్తా’ అని డీలర్ అడిగినా రాతపూర్వకంగా రసీదు లేకుండా చేతికివ్వకండి. ఇలాంటి తగాదాల్లో చాలామంది ఓడిపోయేది చట్టం తెలియక కాదు, పాడైన సామాను పాత ఇనుములో పడేసి.

కన్స్యూమర్ కేసు పడదన్న మాట తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారిని పక్కన పెడుతుంది, నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని, తానే వాడుకునే మనిషిని అదే సెక్షన్ వివరణ వినియోగదారుడిగా కాపాడుతుంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. వాణిజ్య ప్రయోజనమని నిరూపించే బరువు అవతలి పక్షం మీదే ఉంటుందని 2024లో మరో తీర్పు వచ్చింది. అయినా ఫిర్యాదులో ‘ఇదే నా జీవనాధారం, మెషీన్ నేనే నడుపుతాను’ అని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం లేక మంచి కేసులు కూడా చిక్కుల్లో పడతాయి.

బిల్లు మీద ‘హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే’ అని ముద్రించి ఉండొచ్చు. దానికి భయపడకండి. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది, కాబట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. టెస్టింగ్ అవసరమైన కేసు 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ, అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు. ‘నువ్వే మార్చావు’ అనే డీలర్ వాదన ఉత్త మాట కాదు. ప్రమాదం జరిగిన సమయానికి సామానును మార్చి ఉంటే అమ్మినవాడి మీద ప్రొడక్ట్ లయబిలిటీ (సామాను లోపం వల్ల జరిగిన నష్టానికి పరిహారం కోరే) దావా నడవదని సెక్షన్ 87 చెబుతుంది. అందుకే ఆ వాయిస్ మెసేజ్ మీకు బంగారం. మార్చమన్నది ఆయనే. పైగా తయారీదారు ఇచ్చిన జాగ్రత్తలను, సరైన వాడకం గురించిన సూచనలను కొన్నవాడికి చెప్పకపోతే అమ్మినవాడికి బాధ్యత ఉంటుందని సెక్షన్ 86 అంటుంది. ‘అదే సైజుది’ అన్నాడు, ఏ థ్రెడ్డో (మరల రకం) చెప్పలేదు. నా ఉద్దేశంలో మీ కేసు గట్టిగా నిలబడేది ఇక్కడే.

థ్రెడ్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు కమిషన్ ముందు మీరే చెప్పాలి. మన దగ్గర హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పైపు సామాను ఎక్కువగా బీఎస్‌పీ అనే బ్రిటిష్ కొలత థ్రెడ్‌తో వస్తుంది. అమెరికా మెషీన్లకు ఎన్‌పీటీ అనే అక్కడి కొలత థ్రెడ్ ఉంటుంది. పావు ఇంచు బీఎస్‌పీకి ఇంచుకు 19 మరలు, కోణం 55 డిగ్రీలు. పావు ఇంచు ఎన్‌పీటీకి 18 మరలు, కోణం 60 డిగ్రీలు. రెండూ ‘పావు ఇంచే’. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. రెంచితో బలవంతంగా బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, నిజానికి పట్టు ఉండేది ఆ రెండు మూడు మరల మీదే. వేడి, ప్రెషర్ కలిసి కొన్నాళ్లకు అవి చెక్కుకుపోయి ఊడుతుంది. అర ఇంచులో రెండింటికీ 14 మరలే కాబట్టి మోసం ఇంకా లోతుగా ఉంటుంది, పూర్తిగా ఎక్కినట్టే కనిపించి కారుతుంది.

మీ కప్లర్ మీద మొదటి రెండు మూడు మరలే చెక్కుకుపోయి, మిగతావి కొత్తవాటిలా ఉన్నాయేమో చూడండి. ఉంటే తేడా థ్రెడ్‌దే కావచ్చు. అలా కాకుండా ఇత్తడే చీలి, ఆ చీలికలో పచ్చటి లేదా తెల్లటి చిలుము ఉంటే పగులు పాతది, లోపం లోహంలోనో బిగింపులోనో ఉండొచ్చు. మీరు నేనూ తేల్చేది కాదు, సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపగలదు. ఆ పరీక్ష ఫీజు మీరే కట్టాలి. ఒరిజినల్ కప్లర్‌ను కూడా పంపమని అడగండి, ఎందుకంటే కథ మొదలైంది అది రెండు నెలలకే కారడంతో. ‘ఫిట్టింగులకు వారంటీ లేదు’ అనే మాట వారంటీ కార్డులో ఉందో లేదో చూడండి. లోపలి రబ్బరు రింగు అరిగేదే, ఒప్పుకుందాం. ఇత్తడి బాడీ రెండు నెలల్లో అరగదు.

హార్డ్‌వేర్ షాపాయన మీద కేసు వేయమని నేను చెప్పను. మీరు ‘పావు ఇంచు కప్లర్’ అడిగారు, ఆయన ఇచ్చాడు. సరుకుల విక్రయ చట్టం 1930 సెక్షన్ 16 ప్రకారం, ఏ పనికి కావాలో చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడి కొన్నప్పుడే ఆ పనికి పనికొచ్చేది ఇవ్వాల్సిన బాధ్యత వస్తుంది. అందుకే ఇక నుంచి షాపులో అడిగేటప్పుడు ‘వేడినీళ్లకు, 500 పీఎస్‌ఐకి, ఎన్‌పీటీ థ్రెడ్’ అని మెషీన్ ప్లేటు చూసి చెప్పండి (పీఎస్‌ఐ అంటే ప్రెషర్ కొలత), అదే బిల్లు మీద రాయించుకోండి. తెల్లకాగితం చీటీ తీసుకోవద్దు. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే చెప్పింది.

కొనేటప్పుడు ఇంకో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. పంక్చర్ షాపుల్లో గాలి పైపుకు వాడే కప్లర్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, చవక కూడా. దాని రబ్బరు వేడినీళ్లకు, సబ్బు మందుకు చేసింది కాదు. నీళ్ల పైపుకు ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో వాడండి. రింగు ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు రకమైతే వేడికి, క్షార మందులకు ఆగుతుంది, కానీ బండి గ్రీజు, నూనె తగిలితే ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజే రాయండి. పైపు చివర్లు క్రింపింగ్ మెషీన్ మీద నొక్కి బిగించినవి కావాలి. స్క్రూ క్లిప్పు మురికి నీళ్లు లాగే లావు పైపుకే, ప్రెషర్ లైనుకు కాదు. పైపు 3000 పీఎస్‌ఐదైనా కప్లర్ 300దైతే మొత్తం లైను 300దే.

పని అయ్యాక మందు లైనులో ఉంచకుండా మంచినీళ్లు పోనివ్వండి, ట్రిగ్గర్ నొక్కి ప్రెషర్ వదిలాకే కప్లర్ విప్పండి. మన జిల్లాలో బోరు నీళ్ల సంగతి మీకు తెలిసిందే. ఆ నీళ్లు వదిలే తెల్లటి పొర కప్లర్ లోపలి వాల్వు మీద పేరుకుంటే అది పూర్తిగా మూసుకోదు. అప్పుడప్పుడు పలచటి వెనిగర్‌లో కాసేపు నానబెట్టి కడగండి. కప్లర్‌ను నేల మీద ఈడ్వకండి. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసిపెట్టండి: ఏ రోజు రింగు మార్చారు, ఎక్కడ కొన్నారు. జాగ్రత్త తీసుకోలేదని ఎవరైనా అన్నప్పుడు ఆ నోట్‌బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది.

వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి, మీ వకీలు చూసుకుంటారు. డీలర్‌కు ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు ఆగండి. నోటీసు తప్పనిసరి కాదు, కానీ చాలాసార్లు వ్యవహారం అక్కడే తెగుతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు కూడా ఫిర్యాదు చెప్పొచ్చు.

ఇక హాలు ఓనర్ సంగతి. ఆయనకు, మీకు మధ్య డీలర్ గొడవతో సంబంధం లేదు. మీ పనిలో నష్టం జరిగింది, జవాబుదారీ మీదే. కానీ అడిగినంతా ఇవ్వాలని కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద దక్కేది నిజంగా జరిగిన నష్టమే. రిపేరు బిల్లు, ఆ సెట్ కొన్న తేదీ అడగండి. పాత యాంప్లిఫయర్‌కు కొత్తదాని ధర రాదు. ఆపిన 18 వేలు లెక్కలో సర్దమనండి. మీరు కట్టేది డీలర్ నుంచి రాబట్టుకోవడానికి ఆ బిల్లులు మీకూ కావాలి.

హాలు ఓనర్ స్టాంప్ పేపర్ తెచ్చి ‘నా నిర్లక్ష్యం వల్లే జరిగింది’ అని సంతకం పెట్టమంటే పెట్టకండి. రేపు డీలర్ దాన్నే చూపిస్తాడు. ‘కప్లర్ ఊడిపోవడం వల్ల జరిగిన నష్టానికి, బాధ్యత ఎవరిదనే ప్రశ్న తేలకుండానే, ఇంత మొత్తం చెల్లించాను. ఇకపై ఈ విషయంలో హాలు వారికి నా నుంచి రావాల్సింది లేదు’ అని రాసి, ఇద్దరూ సంతకం చేసి చెరో కాపీ ఉంచుకోండి. డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానే పంపండి.