అమ్మమ్మ చీరలు కడితే అత్తగారి పరువు పోతోందట!

ప్రశ్న: మాది విజయనగరం. వయసు 31, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పాతకాలం చీరలన్నా, 1950ల సినిమాల్లో కనిపించే బుట్టచేతుల జాకెట్లన్నా నాకు ప్రాణం. అమ్మమ్మ ట్రంకుపెట్టెలోవి కొన్ని, పాతవి అమ్మేవాళ్ళ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నవి కొన్ని. రోజూ స్కూలుకి అవే కట్టుకెళ్తాను. మా అత్తగారిది పొందూరు దగ్గర పల్లె. ఆవిడకి ఇవేవీ గిట్టవు. "చచ్చిపోయినోళ్ళ బట్టలు, ఎవరో కట్టి విడిచినవి ఇంట్లోకి తేవద్దు" అంటారు. తన పెళ్ళిచీరనే ఎప్పుడో జరీ కొనేవాళ్ళకి ఇచ్చేశారట, ఆవిడకి వీటి విలువ ఏం తెలుస్తుంది? సిరిమానోత్సవానికి ఆవిడ కొన్న కొత్త చీర పక్కనపెట్టి అమ్మమ్మ వెంకటగిరి కట్టుకున్నానని చాలారోజులు నాతో మాట్లాడలేదు. మావారేమో "ఎందుకొచ్చిన గొడవ, మానెయ్యి" అంటారు. గొడవలెందుకని పార్సిళ్ళు స్కూలు అడ్రసుకి తెప్పించుకుంటున్నాను. అమ్మమ్మ పెళ్ళి పట్టుచీరతో మా పాపకి పరికిణీ కుట్టిద్దామనుకుంటున్నాను. అదీ తప్పేనా?

జవాబు: మానెయ్యక్కర్లేదమ్మా. స్కూలుకి ఏ చీర కట్టుకెళ్ళాలో మీ ఇష్టం. అందులో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సిరిమాను రోజు సంగతి మాత్రం వేరు. దసరా తర్వాత వచ్చే ఆ మంగళవారం మీ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ చుట్టాలుంటారు. అత్తగారు పండక్కి చీర పెట్టిందంటే, అది కోడలి ఒంటిమీద ఉందా లేదా అని అందరూ చూస్తారు. ఆ ఒక్క పూటా ఆ చీర కట్టి, దానిమీదకి మీకిష్టమైన బుట్టచేతుల జాకెట్టు వేసుకున్నా సరిపోయేది. ఆవిడ అలగడంలో నాకు తప్పేమీ కనిపించలేదు.

మీరు ఎత్తిపొడుపుగా రాసేసిన ఆ పెళ్ళిచీర ముక్క దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. పాత పట్టుచీరలు కొంటామంటూ వీధుల్లో తిరిగేవాళ్ళకి చీరతో పనిలేదు. అసలు జరీ అంటే పట్టుదారం మీద సన్నటి వెండితీగ చుట్టి బంగారుపూత పూసింది. ఆ చీరని కాల్చి, వెండి తీసుకుంటారు. అంటే మీ అత్తగారి పెళ్ళిచీర బూడిదైపోయి ఉంటుంది. ఏ అవసరానికి ఇచ్చేశారో మీరు రాయలేదు, అడిగినట్టూ లేదు. పెళ్ళిచీరని సరదాకి ఎవరిస్తారండీ? అక్కలు విడిచినవి కట్టుకుని పెరిగిన ఆ తరంలో చాలామందికి పాత చీరంటే ముచ్చట కాదు, లేమి. "ఏటమ్మా, కోడలికి కొత్త చీర కొనలేకపోతన్నారా?" అని పక్కింటావిడ ఒక్క మాట అంటే చాలు, ఆవిడకి ఆ రాత్రి నిద్రపట్టదు. చచ్చిపోయినవాళ్ళ బట్టలన్నది పైకి చెప్పే కారణమేమోనని నా అనుమానం.

నిజంగానే ఆ పట్టింపు ఉంటే వాదించకండి. పోయినవాళ్ళ బట్టలన్నీ ఇచ్చేసే ఇళ్ళూ ఉన్నాయి, పట్టుచీరలు కూతుళ్ళు తలా ఒకటి తీసుకునే ఇళ్ళూ ఉన్నాయి. పూజలకీ వ్రతాలకీ ఇంట్లో ఇవి కట్టనని మీరే ముందు చెప్పెయ్యండి.

ఎవరో కట్టి విడిచినవన్న అభ్యంతరంలో కొంత న్యాయముంది. కొన్నవాటిని తిన్నగా బీరువాలో పెట్టకండి. నూలువైతే ఉతికి ఎండలో ఆరెయ్యండి, పట్టువైతే డ్రైక్లీనింగుకి ఇవ్వండి, అదీ ఆవిడకి తెలిసేలా. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది. ఉతికిన పాత నూలుపంచెలో చుట్టి దాచుకోండి, రెండు మూడు నెలలకోసారి మడతలు మార్చండి. పాత పట్టు చీలేది మడత దగ్గరే.

పొందూరు పక్క ఆవిడని ఇంట్లో పెట్టుకుని పాతచీరల గురించి ఆన్‌లైన్‌లో వెతుక్కుంటున్నారు, అదే నాకు నవ్వొచ్చింది. వాలుగ చేప దవడతో కొండపత్తిని ఏకి, గాంధీగారు సైతం మెచ్చుకున్న సన్నఖద్దరు నేసిన ఊరది. చిన్నప్పుడు ఆవిడ ఇంట్లో రాట్నం ఉండేదా, పెళ్ళికి ఏ రంగు చీర కట్టుకున్నారు, అడగండి. అడిగినంత మాత్రాన ఆవిడ మీ చీరల్ని మెచ్చుకుంటారని నేను హామీ ఇవ్వను. ఆ పెళ్ళిచీర కథ మాత్రం మీకు తెలియాలి.

స్కూలు అడ్రసుకి పార్సిళ్ళు ఈ నెలతో ఆపెయ్యండి. ఇవాళ కాకపోతే రేపు బయటపడుతుంది, అప్పుడు చీరల మాట పోయి దొంగతనంగా తెప్పించుకుందన్న మాట మిగులుతుంది. నెలకి ఇంతకి మించి ఖర్చుపెట్టనని మీవారికి ఒక లెక్క చెప్పి, ఇంటికే తెప్పించుకోండి.

మీవారి తీరు నాకు నచ్చలేదు. ఇద్దరి మధ్యా నలగడం ఇష్టంలేక మిమ్మల్ని మానెయ్యమంటున్నారు. ఆయన చెయ్యాల్సిన పని చిన్నదే. "అమ్మా, తనకి ఇష్టమై కట్టుకుంటోంది, మనం కొనలేక కాదు" అని వాళ్ళమ్మకి చెప్పాలి, వీలైతే నలుగురిలో. ఇదే మాట మీరంటే ఎదురు చెప్పినట్టుంటుంది, కొడుకు అంటే ఆవిడకి ధైర్యం. ఈ జవాబు ఆయన చేత చదివించండి.

ఇక పరికిణీ. బాగా నలిగి, చీలికలు పడ్డ చీరయితే అంచూ కొంగూ తీసి కుట్టించడంలో తప్పులేదు. గట్టిగా ఉంటే కొయ్యకండి. పాప రెండేళ్ళలో పొడుగైపోతుంది, చీర మళ్ళీ రాదు. పైగా అది మీ అమ్మమ్మగారి పెళ్ళిచీర అంటున్నారు. మీ అమ్మగారినీ, పిన్నులుంటే వాళ్ళనీ ఒక్క మాట అడగందే కత్తెర పెట్టించకండి. వాళ్ళకీ అందులో వాటా ఉంది.