సీరియల్లో ఆయన పాత్రను చంపేశారు, అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారు పన్నెండేళ్లుగా సీరియల్స్‌లో బాబాయ్, మామయ్య వేషాలు వేస్తున్నారు. ఏడు నెలల క్రితం ఆయన పాత్రను యాక్సిడెంట్‌లో చంపేశారు. మళ్లీ పిలుపు రాలేదు. షూటింగ్‌లో దండ వేసిన తన ఫొటోను ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టుకున్నారు. మా అన్నయ్య తన ఎరువుల షాపులో లెక్కలు చూడమంటే, ‘టీవీలో చూసినవాళ్లు నవ్వుతారు’ అంటున్నారు. పాప ఇంటర్ ఫీజు కోసం నా గొలుసు తాకట్టు పెట్టాను, ఆయనకు తెలియదు. నటన మానేయమని గట్టిగా చెప్పేయనా?

జవాబు: ఆ మాట మాత్రం అనకండమ్మా. ఆయనకు బాధగా ఉన్నది నటన కాదు, ఫోన్ కోసం ఎదురుచూడటం.

క్యారెక్టర్ ఆర్టిస్టుకు నెల జీతం ఉండదు. కాల్షీటు ఉన్న రోజుకే డబ్బు, అదీ చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. రేటింగ్ తగ్గితే ఒక పాత్ర అమెరికా వెళ్లిపోతుంది, ఇంకోటి లారీ కింద పడుతుంది. చాలామందికి ఆ సంగతి సీన్ పేపరు చేతికొచ్చాకే తెలుస్తుంది. బాగా చేయలేదని తీసేశారేమో అని ఆయన ఏడు నెలలుగా లోపల నలుగుతూ ఉండొచ్చు. ఫొటో తీసేయమనకండి. దండ ఒక్కటి తీసేయమని పాపతో అడిగించి చూడండి.

మీ ఊళ్లోనే ఉండి, 2020లో కన్నుమూసిన నటుడు జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల మాస్టారుగా పనిచేసినవారే. 1988లోనే తెర మీదికొచ్చినా, పెద్ద గుర్తింపు 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో వచ్చింది. మధ్యలో మళ్లీ బడికెళ్లి పాఠాలు చెప్పుకున్నారు. కంకిపాడులో పుట్టిన కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నాటకాలాడారు. ఇవి మీ ధైర్యం కోసం చెబుతున్నా. మీవారి ముందు ఈ పేర్లు ఎత్తారో, పోలిక పెట్టినట్టు ఉంటుంది, మంట పుడుతుంది.

ఇక షాపు సంగతి. టీవీ చూసేవాళ్ల మాట పైకి చెప్పే కారణమని నా అనుమానం. బావమరిది గల్లాపెట్టె పక్కన కూర్చోవడం ఏ అల్లుడికైనా కష్టమే. ఆ షాపు వదిలేయండి. షూటింగ్ తగిలితే రెండు రోజులు సెలవిచ్చే పని ఇంకెక్కడైనా వెతకమనండి. స్కూళ్లలో వార్షికోత్సవాలకు నాటికలు నేర్పించడం, డబ్బింగ్, పరిషత్తు నాటకాలు కూడా ఉన్నాయి. వీటిలో డబ్బు తక్కువే, కానీ పొద్దున్నే గడ్డం గీసుకుని బయటికెళ్లే కారణం దొరుకుతుంది. నిద్ర పట్టకపోయినా, తాగుడు పెరిగినా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, వెంటనే డాక్టర్‌కూ చూపించండి.

గొలుసు సంగతి మాత్రం ఈ వారంలోనే మీ నోటితోనే చెప్పండి. గొడవ మధ్యలో దెప్పినట్టు కాదు. పాప పడుకున్నాక తాకట్టు రసీదు ముందు పెట్టి, ‘ఇది నేనొక్కదాన్నే మోయలేకపోతున్నా’ అనండి, చాలు. కోప్పడినా ఆ రాత్రికి వాదించకండి.

మర్నాడు ఇద్దరూ పాత డైరీ తీసి, మూడేళ్లలో ఎన్ని రోజులు పని దొరికిందో లెక్కేయండి. మొత్తం సంపాదనను ముప్పై ఆరు నెలలకు పంచితే అసలు ఆదాయం తెలుస్తుంది. ఆర్టిస్టుల పేమెంట్లలో సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను ముందే పట్టుకుంటారు. ఆదాయం తక్కువైతే, రిటర్న్ వేసినప్పుడు అది వెనక్కి రావచ్చు. రిటర్న్ వేయకుండా వదిలేసి ఉంటే, ఈ ఏడాదిదైనా గడువు దాటకముందే ఆడిటర్‌ను కలవండి. అలా వెనక్కొచ్చే డబ్బుతో గొలుసు విడిపించలేకపోయినా, వడ్డీకైనా పనికొస్తుంది.