1949లో మన దేశాధినేత ఎవరు? టిఫిన్ క్యారియర్ పోగొట్టుకున్నవాడి జవాబు

"1947 తర్వాత కూడా బ్రిటన్ రాజే మనకూ రాజుగా ఉన్నాడంటారు, నిజమేనా? ఉంటే ఆయన ఏం చేసేవాడు?" అని అడిగారు. నిజమే. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా ఆరో జార్జి మనకు రాజు. చేసింది దాదాపు ఏమీ లేదు. జవాబు ఇక్కడితో అయిపోయినట్టే. కానీ ఈ విషయంలో నాకో పాత బాకీ ఉంది, అది చెప్పుకోకపోతే నిద్రపట్టదు.

డిగ్రీ రెండో ఏడులో జిల్లా స్థాయి క్విజ్‌కి వెళ్ళాను. చివరి రౌండుకి మేమూ ఇంకో కాలేజీ వాళ్ళూ సమానంగా ఉన్నాం. ఆఖరి ప్రశ్న: "1949లో భారత దేశాధినేత ఎవరు?" ముందు బెల్లు కొట్టింది నేనే. "ఆరో జార్జి" అన్నాను. హాలంతా గొల్లుమంది. క్విజ్ మాస్టారు కళ్ళజోడు తీసి, "నాయనా, మనకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందో తెలుసా?" అన్నారు. అవతలివాళ్ళు "రాజాజీ" అన్నారు, చప్పట్లు. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ వాళ్ళ చేతికెళ్ళిపోయింది.

నా ధైర్యమంతా మా తాతయ్య రేకు డబ్బా. మాది జగ్గయ్యపేట దగ్గర పల్లె. అటు కొంచెం పోతే నైజాం. తాతయ్య ఎడ్ల బేరానికి కోదాడ వైపు తిరిగేవాడు. మన రూపాయిని అటు కల్దార్ అనేవాళ్ళు, వాళ్ళది హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. మార్చేవాడు అందులోనూ ఓ అణా నొక్కేసేవాడని తాతయ్య చివరిదాకా తిడుతూనే ఉన్నాడు. డబ్బాలో చార్మినార్ బొమ్మ రూపాయి ఒకటి, కిరీటం పెట్టుకున్న జార్జి తల రూపాయి ఒకటి ఉండేవి. జార్జిది 1947 నాటిది, వెనకవైపు నడుస్తున్న పులి. అది వెండే అనుకుని మా నానమ్మ పట్టీలకని కంసాలి దగ్గరకు తీసుకెళితే, ఆయన సూదంటురాయి దగ్గర పెట్టాడట. టక్కున అతుక్కుంది. నికెల్!

మర్నాడు ఆ రూపాయి జేబులో వేసుకుని మాస్టారి ఇంటికే వెళ్ళాను. ఆయన తిప్పి తిప్పి చూసి, "1947 అని ఉంది గానీ, ఇది ఆగస్టుకు ముందు కొట్టిందో తర్వాత కొట్టిందో దీని మీద ఉందా?" అన్నారు. లేదు. ఆ మాట వరకు ఆయనదే రైటు, ఒప్పుకోవాలి. నాణెం సాక్ష్యానికి పనికిరాదు. తపాలా వాళ్ళు 1947 నవంబరులోనే జెండా బొమ్మతో జైహింద్ స్టాంపు తెచ్చారు గానీ, సింహాల నాణేలు వచ్చేసరికి 1950 ఆగస్టు అయింది.

అసలు సాక్ష్యం చట్టంలో ఉంది. అది నాకు తెలిసేసరికి పదేళ్ళు పట్టింది, ఎందుకంటే మన పాఠ్యపుస్తకాలు 1947లో జెండా ఎగరేసి నేరుగా 1950లో దిగుతాయి. మధ్యలో రెండున్నరేళ్ళు దేశం ఏమైపోయిందో ఎవరికీ పట్టదు. మహా అయితే "అధినివేశ ప్రతిపత్తి" అని ఒక మాట పడేస్తారు. అదేమిటో ఏ పిల్లాడికి అర్థమవుతుంది? డొమినియన్ అంటే పోయేదేముంది! పాలన మనదే, రాజు మాత్రం బ్రిటన్ రాజే, అంతే.

1947లో బ్రిటన్ పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టం ఇండియా, పాకిస్తాన్ అని రెండు డొమినియన్లను ఏర్పాటు చేసింది. ఒక్కోదానికి రాజు పేరు మీద ఒక గవర్నర్ జనరల్. బిల్లులకు రాజు పేరుతో ఆమోదం తెలిపేది ఆయనే, లండన్‌కు పంపే పనే లేదు. 1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్ళిపోయాక రాజాజీని నియమించింది కాగితం మీద రాజు, పేరు తేల్చింది నెహ్రూ ప్రభుత్వం. వరుణ్ణి చూసుకుంది మనం, ముహూర్తం పెట్టుకుంది మనం, శుభలేఖ మీద పెద్దమనిషి పేరు మాత్రం ఆయనది. అంటే రాజాజీ ప్రతినిధి, అధినేత జార్జే. మాస్టారూ, వింటున్నారా?

మరి 1929లో లాహోర్‌లో డొమినియన్ చాలదు, పూర్ణ స్వరాజ్యమే కావాలన్న నెహ్రూ దీనికెలా ఒప్పుకున్నాడంటే, తొందర. రాజ్యాంగం ఇంకా తయారు కాలేదు. బ్రిటిష్‌వాళ్ళు పాలన కోసం చేసిన 1935 చట్టానికే అతుకులేసి బండి నడిపారు. కొత్తింటికి తలుపులు బిగించేదాకా అద్దెకొంపలో ఉండమా?

వింతేమిటంటే పాకిస్తాన్‌కూ ఆయనే రాజు. కాశ్మీర్‌లో యుద్ధం మొదలైతే ఒకే రాజుగారి రెండు సైన్యాలు ఒకదాన్నొకటి కాల్చుకున్నాయి. పైగా రెండు సైన్యాలకూ అధిపతులు బ్రిటిష్ జనరల్సే, ఇటు లాక్‌హార్ట్, తర్వాత బూచర్, అటు మెసర్వీ, తర్వాత గ్రేసీ. రాజు ఎవరి పక్షం? ఇక్కడి మంత్రులు చెప్పింది ఇక్కడ, అక్కడి మంత్రులు చెప్పింది అక్కడ. ఇంతకన్నా ఉత్తుత్తి రాజరికం ఉంటుందా!

అయితే రాజు ఉత్తుత్తివాడే గానీ ఆయన కుర్చీ కాదు. పాకిస్తాన్ 1956 దాకా డొమినియన్‌గానే ఉండిపోయింది. 1954లో అక్కడి గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ రాజ్యాంగ సభనే రద్దు చేసి పారేశాడు. కేసు కోర్టుకెక్కితే, గవర్నర్ జనరల్ ఆమోదం లేకుండా సభ చేసిన చట్టాలు చెల్లవని తీర్పొచ్చింది. అదే 1947 చట్టం మనకూ ఉంది, కానీ ఆ కంతలోంచి ఇక్కడెవరూ దూరలేదు. మనవాళ్ళు త్వరగా రాజ్యాంగం రాసుకుని బయటపడటమే కారణమని నా గట్టి నమ్మకం. ఇక బిల్లుల మీద కూర్చునే గవర్నర్ల గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది, వద్దులెండి.

ఇంకో మాట. "స్వాతంత్ర్యం 99 ఏళ్ళ లీజు" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ చూసి ఈ ప్రశ్న అడిగి ఉంటే, అది వట్టి చెత్త. ఆ చట్టంలో లీజు అన్న ముచ్చటే లేదు. మా పెదనాన్న కొడుకు నాకు ఏటా ఆగస్టులో అది పంపుతాడు, ఏటా నేను ఇదే చెబుతాను.

క్విజ్‌లో గెలిచిన అబ్బాయి ఇప్పుడు మా వీధి చివర ఇంట్లోనే ఉంటాడు. వాళ్ళావిడ ఆ మధ్య సంక్రాంతికి అరిసెలు పంపించింది. పై గిన్నె మూత మీద పోటీ పేరు ఇంకా చెరగలేదు.