యూత్ వాలంటీర్లు విదేశీ సాయం కోసం క్యాంపెయిన్ చేస్తే కటిక పేదరికం తగ్గుతుందా?

యూత్ వాలంటీర్లు సంతకాలు సేకరిస్తే పేదరికం ఎలా పోతుంది అని అడిగారు కదా, వాళ్లు అడిగేది విరాళం కాదండి, ధనిక దేశాల ప్రభుత్వ బడ్జెట్‌లో వాటా. ధనిక దేశాలు జాతీయ ఆదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని ఐరాస 1970లోనే తీర్మానం చేసింది, చాలా దేశాలు ఇప్పటికీ ఆ దరిదాపుల్లో కూడా లేవు. అందుకే పేదరికంపై క్యాంపెయిన్ చేసే వన్ (ONE) లాంటి సంస్థల యూత్ అంబాసిడర్లు ఎంపీలను నేరుగా కలిసి గట్టిగా అడుగుతారు. బ్రిటన్ 2013లో 0.7 అందుకుంది, 2015లో చట్టం కూడా చేసింది, అయినా 2021లో కోవిడ్ ఖర్చులు చూపించి 0.5కి తగ్గించేసింది, చాలా బాధేసింది నాకు, అంటే ఒకసారి గెలిస్తే సరిపోదు, అడుగుతూనే ఉండాలి. సాయం ఒక్కటే చాలదు, నిజమే, ఉద్యోగాలూ కావాలి. కానీ 2002లో మొదలైన, ఎక్కువగా ప్రభుత్వాల సాయంతో నడిచే గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ ఆరోగ్య నిధి డబ్బుతోనే ఎన్నో పేద దేశాలకు ఎయిడ్స్ మందులు, దోమతెరలు అందాయి, వాటివల్ల నిలబడిన ప్రాణాలు కోట్లలో ఉన్నాయి.