కూరలో ఆ పొడి కలపకండి, ముందు బాబుని చూపించండి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నేను జీడి ఫ్యాక్టరీలో పనికెళ్తాను. మా ఆయన స్కూలు పిల్లల ఆటో నడుపుతాడు. రాత్రికి రెండు క్వార్టర్లు పడాల్సిందే. పొద్దున్న టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణుకుతాయి. తాగొస్తే గొడవ, ఒక్కోసారి కొడతాడు. మా గుంటడికి 9 ఏళ్లు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలెట్టాడు, సాయంత్రమైతే కడుపునొప్పి అంటాడు. నాకు నిద్రలేదు, తలనొప్పికి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. కూరలో కలిపితే తాగుడు మానేస్తాడని మా ఆడపడుచు ఏదో పొడి తెచ్చింది. అత్తయ్యేమో అయ్యప్ప మాల వేయిద్దామంటున్నారు. ఏది మంచిది?
- ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, ఆ పొడి కలపొద్దు. అందులో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తాగుడు మాన్పించడానికి మేం రాసే డైసల్ఫిరామ్ మాత్రనే నూరి, తెలియకుండా అన్నంలో పెట్టేవాళ్లూ ఉన్నారు. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుట్టి, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు. మనిషికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇవ్వాల్సిన మందు అది.

మాలకి నేను అడ్డు చెప్పను. దీక్ష పేరుతో 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! కానీ పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే ఒళ్లు మందుకి బానిసైపోయిందన్నమాట. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో చెమటలు పట్టి, లేనివి కనబడి, ఇంట్లోవాళ్లనే పోల్చుకోలేకపోవచ్చు. గాలి సోకిందని తాయెత్తులకి తిప్పి ఆలస్యం చేస్తారు చాలామంది. అందుకే ముందు డాక్టరు, తర్వాత మాల. కొన్నాళ్లు మందులు, బి1 విటమిన్ ఇచ్చి జాగ్రత్తగా మాన్పిస్తారు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖ వెళ్లగలిగితే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

మీరు అడిగింది ఆయన గురించే. నాకు మాత్రం మీ ఉత్తరంలో ముగ్గురు రోగులు కనిపిస్తున్నారు.

బాబుకి ముందు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగర్ వచ్చినా మానేసిన అలవాటు తిరగబెడుతుంది. అవి బాగుంటే ఎక్కువగా అనుమానించాల్సింది భయాన్నే. చీకటిపడితే నాన్న ఆటో చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే పిల్లాడికి కడుపులో నిజంగానే నొప్పి వస్తుంది, నటన కాదు. పక్క తడిపాడని కొట్టకండి, పదిమందిలో అనకండి. ఇలాంటి ఇళ్లలో పిల్లలు గొడవకి తామే కారణమనుకుంటారు. 'నాన్న తాగడం నీ వల్ల కాదురా' అని నోరు తెరిచి చెప్పండి. గొడవ అయ్యేలా ఉన్న రాత్రి వాడిని నమ్మకమైన వాళ్లింట్లో పడుకోబెట్టండి.

ఇక మీ తలనొప్పి మాత్ర. మెడికల్ షాపులో ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిని రోజూ వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉండి ఆ పని చేయొద్దమ్మా. ఒకసారి బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూపించుకోండి. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది స్కూలు ఆటో. ఒక క్వార్టర్‌లోని మద్యాన్ని లివర్ కరిగించడానికి సుమారు 6 నుంచి 8 గంటలు పడుతుంది. రాత్రి 10కి రెండు పూర్తిచేసినవాడికి పొద్దున్న 8 గంటలకి కూడా దిగదు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, ఏదీ దాన్ని తొందరపెట్టదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టప్రకారం నేరం. చికిత్స అయ్యేదాకా ఆ ట్రిప్పులు ఇంకెవరికైనా అప్పగించమని, ఆయన తేరుకుని ఉన్న పూట చెప్పండి. వినకపోతే స్కూల్లో చెప్పాల్సిందే. కిరాయి పోతుందని నాకూ తెలుసు.

కొట్టడం గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తరచూ తాగి వచ్చే భర్తలున్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది హింసకి గురైనట్టు తేలింది. అసలు తాగనివాళ్ల ఇళ్లలోనూ 23 శాతం. కాబట్టి 'మందు కొట్టించిందిలే' అని సరిపెట్టుకోకండి. తాగి ఉన్నప్పుడు వాదనకి దిగకండి, తలుపుకి దగ్గరగా ఉండండి. ఆధార్, రేషన్ కార్డు, కొంత డబ్బు పుట్టింట్లో దాచండి. చెయ్యెత్తితే పోలీసులకి 112, మహిళా హెల్ప్‌లైన్ 181. గృహహింస చట్టం 2005 కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100. రాత్రి నిద్రపట్టక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు.

ఆయన ఆసుపత్రికి రానంటే మీరొక్కరే వెళ్లండి. మొదటిసారి భార్యలు ఒక్కరే రావడం మాకు కొత్తేం కాదు. ఆ పొడి పొట్లం కూడా పట్టుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టండి. ఇంట్లో మాత్రం ఉంచకండి, పిల్లాడున్నాడు.